పేరెన్నికలో ఎన్నిక ఎవరిది?

మొన్నటి సర్పంచ్ ఎన్నికల్లో మా వైపు ఊళ్లలో ఎక్కువగా చెవిన పడిన మాట అభివృద్ధి కాదు, మోరీలు కాదు, సీసీ రోడ్లు అంతకన్నా కాదు. పరువు. ‘ఇది మా వాడకట్టు పరువు’ అని ఒకరు, ‘ఇజ్జత్ కా సవాల్’ అని ఇంకొకరు. అదే ముచ్చట తెల్లారి పేపర్లోకి ఎక్కేసరికి ‘ప్రతిష్ఠాత్మక పోరు’. ఎనభై ఓట్ల వార్డు మెంబరు పోటీ కూడా ప్రతిష్ఠాత్మకమే. ఓడిపోయినవాళ్లు కొందరు, పంచిన పైసలు తిరిగి ఇమ్మని ఇల్లిల్లూ తిరిగిన వీడియోలు అందరం చూశాం, నవ్వుకున్నాం. పరువు కోసం ఖర్చుపెట్టి, అది పోయాక ఖర్చు రాబట్టుకోవడానికి ఉన్న కాస్త పరువు కూడా తీసుకోవడం!

నవ్వు సరే. రెప్యుటేషన్ అన్న మాటకు తెలుగులో ఏముంది అని ఎవరినైనా అడగండి. పరువు, ప్రతిష్ఠ, మర్యాద, గౌరవం, ఇజ్జత్ అని గడగడా చెప్తారు. ఇందులో ఒక్కటీ దానికి అతకదు. అతికే మాట మన దగ్గరే ఉంది, దాన్ని సన్మాన పత్రాలకు వదిలేసి మనం పరువును నెత్తిన పెట్టుకున్నాం. ఆ ఎంపికకు నల్లగొండ, పాలమూరు జిల్లాలు చాలా ఎక్కువే చెల్లించుకున్నాయి.

రెప్యుటేషన్ లాటిన్ మాట. దాని కడుపులో ఉన్న క్రియ ‘పుతారే’. మొదట్లో దానికి పేరుతోనూ పరువుతోనూ ఏ సంబంధం లేదు. కొమ్మలు కత్తిరించి శుభ్రం చేయడం అని అర్థం. ద్రాక్ష తీగల్లో ఎండినవి, అడ్డం తిరిగినవి కోసేసే పని. నల్లగొండ బత్తాయి రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. కాత దిగాక చెట్టు కిందికి దూరి ఎండు పుల్లలు, నీరు కొమ్మలు తీసేస్తారు. ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి అని ఒక్కో కొమ్మ దగ్గరా ఆగి చూస్తారు. రోమన్లు ఇదే మాటను జమాఖర్చులకు పట్టుకెళ్లారు. చిక్కుపడ్డ ఖాతాలో చెత్తంతా కొట్టేసి లెక్క తేల్చడమూ ‘పుతారే’నే. అక్కడి నుంచి లెక్కపెట్టడం, ఇంకొంచెం పోతే ‘అనుకోవడం, తలచడం’. ముందు ‘రె’ తగిలిస్తే, మళ్లీ లెక్క చూసుకోవడం. ఇంగ్లిష్‌లోకి 14వ శతాబ్దంలో వచ్చింది. కంప్యూటర్, డిప్యూటీ, డిస్ప్యూట్, అంపుటేషన్ అన్నీ దీని అన్నదమ్ములే. మన డిప్యూటీ తహసీల్దారుకీ, ఆస్పత్రిలో కాలు తీసేసే ఆపరేషన్‌కీ చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు కానీ, ఉంది. (రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు నమ్మబుద్ధి కావచ్చు.)

అంటే రెప్యుటేషన్ అనేది మనిషి దగ్గర ఉండే వస్తువు కాదు. అవతలివాళ్లు అతని మీద వేసే లెక్క. పైగా ఒకసారి వేసి మూసేసేది కాదు, మళ్లీ మళ్లీ వేసేది.

ఇప్పుడు తెలుగుకు రండి. ‘పేరెన్నిక గన్న’ అని మనకో మాట ఉంది. పేరెన్నిక గన్న వైద్యుడు, పేరెన్నిక గన్న విద్వాంసుడు. ఎన్నిక అంటే ఈవీఎంలు, సిరా చుక్కా కాదు. ఎన్నడం అంటే లెక్కించడం, గణించడం. తప్పులెన్నడంలో ఉన్నది అదే. తమిళంలో ‘ఎణ్ణు’ అంటే లెక్కపెట్టడం, తలచడం కూడా. లెక్కా తలపూ ఒకే గూట్లో ఉండటం లాటిన్ వాళ్ల సొత్తు కాదన్నమాట. లెక్కించిన పేరు, పేరెన్నిక. రెప్యుటేషన్‌కు ఇంతకన్నా దగ్గరి మాట ఏ భాషలో వెతికినా దొరకదనిపిస్తుంది. సంస్కృతం నుంచి తెచ్చుకున్నవాటిలోనూ ఇదే తంతు. అగ్రగణ్యుడు అంటే లెక్కలో ముందు వచ్చేవాడు. గణనీయం అంటే లెక్కించదగ్గది. నగణ్యం అంటే లెక్కలోకే రానిది.

మరి మా జిల్లాల మాటలో? ‘వాడు నన్ను లెక్కజేస్తలేడు’ అంటారు. ‘వాని మాటకు ఓ లెక్క ఉంటది’ అంటారు. అన్నిటికన్నా పెద్దది ఇంకోటుంది. ‘మనిషి లెక్క చూస్తలేరు’. పట్నం వాళ్లు దీన్ని ‘మనిషిలా చూడటం లేదు’ అని తర్జుమా చేసుకుని ముందుకు పోతారు. మాకు ‘లెక్క’ అంటే ‘లాగా’ కూడా కాబట్టి అది తప్పేం కాదు. కానీ చెవి పెట్టి వినండి: మనిషి లెక్క. మనుషుల లెక్కలో నన్ను వేయడం లేదు అన్న ఫిర్యాదు కూడా దానిలో మోగుతుంది. పేరుప్రతిష్ఠల గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఇంత కచ్చితంగా చెప్పినవాళ్లు నాకు కనపడలేదు.

నాలుగేళ్ల కింద బాదేపల్లి మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గంటన్నర కూర్చున్నాను. పల్లికాయ దిగుతున్న రోజులు. గల్లాపెట్టె పక్కన ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి ఖాతా పుస్తకం. సేటుకు డెబ్బై దాటాయి, అద్దాలు ముక్కు కొస మీద. ఒక రైతు వచ్చి రుమాలుతో మొహం తుడుచుకుంటూ, ‘సేటూ, నా పేరు తియ్యి’ అన్నాడు. సేటు పేజీ తీశాడు. పేరంటే పేజీ. పైన పేరు, ఊరు. కింద విత్తనాలకు ఇంత, మందు బస్తాలకు ఇంత, బిడ్డ పెళ్లికి ఇంత. ప్రతి సీజను చివర లెక్క చూసుకుని అడ్డంగా ఒక గీత. గీత కింద మళ్లీ అదే పేరు, మళ్లీ మొదటి నుంచి.

‘బాకీ తీర్చకున్నా మళ్లీ ఇస్తారా?’ అని అడిగాను.

సేటు ఇంకో పేజీ తిప్పి చూపించాడు. వరసగా రెండేళ్లు గీత పడలేదు. ‘ఆ రెండేండ్లు వాన కొట్టలే సార్. మనిషేం జేస్తడు? నాకు మొకం సాటేయలే, వచ్చి కూసొని లెక్క జెప్పిండు. మల్ల ఇచ్చిన.’

‘ఎవరికి ఇవ్వరు మరి?’

ఆయన కాసేపు ఆలోచించాడు. ఒక ఊరి పేరు చెప్పి, ఇరవై ఎకరాల ఆసామి అన్నాడు. ‘పరువున్నోనికి ఉద్దెర ఇయ్య సార్. లెక్క అడిగితే పరువు పాయె అంటడు.’

సేటు ధర్మాత్ముడని నేననడం లేదు. వడ్డీ ఎంత, తరుగు కింద ఎన్ని కిలోలు కోస్తారు అని అడిగితే చాయ్ తెప్పించి మాట మార్చాడు. కానీ పరువుకూ పేరెన్నికకూ తేడా ఏమిటో ఆ ఒక్క మాటలో తేల్చేశాడు. పేరున్నవాడు లెక్కకు కూర్చుంటాడు. పరువున్నవాడు లెక్కంటేనే మండిపడతాడు.

ఈ మండిపాటుకు మనం ఇచ్చుకున్న గౌరవనామం ప్రతిష్ఠ. దాని ధాతువు నిలబడటం. మా వైపు బొడ్రాయి ప్రతిష్ఠ చూసినవాళ్లకు అది వెంటనే తెలుస్తుంది. ఊరి నడిమధ్యలో గుంత తీసి, పూజలు చేసి రాయిని దింపుతారు. ఆ రోజు ఊరు కట్టు. బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు పొలిమేర దాటకూడదు. ఎన్నడో పెళ్లయి పోయిన ఆడబిడ్డలందరినీ పేరుపేరునా పిలిచి ఒడిబియ్యం పోస్తారు. చూడముచ్చటైన పండుగే, నేను కాదనను. రాయి విషయంలో ప్రతిష్ఠ సరైన మాట. పాతిన రాయిని ఎవరూ తవ్వి చూడరు, మళ్లీ కొలవరు. కదిలితే అరిష్టం. మనిషి పేరును కూడా అలాగే పాతేసి, తవ్వి చూడొద్దు అన్నప్పుడే వస్తుంది తంటా. మర్యాద కూడా ఆ బాపతే. అసలర్థం హద్దు, గట్టు. ఇవన్నీ కదలకూడని వాటి పేర్లు, కాపలా కాసుకోవాల్సిన వాటి పేర్లు. ఇజ్జత్ అరబ్బీ నుంచి వచ్చింది, దాని మూలంలో ఉన్నది బలం. కాబట్టే దానికి ఎప్పుడూ సవాల్ ఉంటుంది.

కాపలా కాసేది ఎవరు? ఇంటి పెద్ద మగవాడు. కాపలా ఎవరి మీద? ఆ ఇంటి ఆడపిల్ల మీద. పేరు ఇతనిది, దాన్ని మోసే బరువు ఆమెది. ఆమె తన ఇష్టంతో ఒకర్ని చేసుకుంటే ఆడబిడ్డల పిలుపుల జాబితాలో ఆమె పేరు కొట్టేస్తారు. పుతారే అంటే కొమ్మ కొట్టేయడం అని చెప్పుకున్నాం కదా, ఆ పాత అర్థం ఒక్కటీ మనం బాగానే వంటబట్టించుకున్నాం.

2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ఏం జరిగిందో ఈ వ్యాసం చదివేవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఆస్పత్రి గేటు, గర్భవతి అయిన భార్య, వెనక నుంచి కత్తి, సీసీటీవీ. చనిపోయింది దళిత యువకుడు ప్రణయ్, ఆమె పై కులం. ఆ పెళ్లి గిట్టక ఆమె ఇంటివాళ్లు చేయించిన హత్య. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆరున్నరేళ్లు అన్ని చానళ్లూ, అన్ని పేపర్లూ దాన్ని పిలిచిన పేరు పరువు హత్య. ఈ మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. దొంగతనం కోసం చంపితే దోపిడీ హత్య అంటాం. అక్కడ ‘దోపిడీ’ నేరాన్ని చెప్తుంది. ఇక్కడ ‘పరువు’ హంతకుడి సాకును చెప్తుంది, పైగా అదేదో నిజంగా పోయినట్టు, పోతే చంపుకోవడం ఎక్కడో అర్థం చేసుకోదగ్గదైనట్టు. ఏ పరువు పోయింది? ఎవరు లెక్క వేశారు? ఊళ్లో నలుగురు నాలుగు రోజులు మాట్లాడుకుంటారు, అయిదో రోజు ఇంకో ముచ్చట దొరుకుతుంది. మనవడు పుట్టాక అదే నలుగురు లెక్క మార్చేవాళ్లు. అలా మార్చిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు? మళ్లీ లెక్క వేసే సందు ఇవ్వకపోవడమే పరువు చేసే హత్య. దాన్ని కుల హత్య అని రాస్తే సరిపోతుంది. అక్షరాలు కూడా తక్కువ.

పరువును అంత తీసిపారేయొద్దు, పేదవాడికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి అది అనేవాళ్లున్నారు. పరువు పోతుందన్న భయమే ఊళ్లలో దొంగతనాన్నీ, తాగుడునూ అదుపులో పెడుతుందని కూడా అంటారు. అప్పులవాడు వాకిట్లో నిలబడి అరిచిన రాత్రే పురుగుల మందు తాగిన రైతుల కథలు నాకూ తెలుసు, కాబట్టి మొదటి మాటను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ రైతును మింగింది ఏమిటి? మళ్లీ లెక్క ఉండదు, ఈ రాత్రితో పేజీ చిరిగిపోయింది అన్న నమ్మకమే కదా. ఇక భయం సంగతి. నలుగురూ చూస్తున్నారు, లెక్క కడుతున్నారు అన్నదే మనిషిని అదుపులో పెట్టేది. అది పేరెన్నిక పని, దాని జీతం పరువు తీసుకుంటోంది.

సరే, లెక్క అవతలివాళ్లది అని ఒప్పుకున్నాం. అయితే ఆ అవతలివాళ్లు ఎవరు? నన్ను ఈ మాట చుట్టూ ఇన్నాళ్లు తిప్పింది అసలు ఈ ప్రశ్నే. ఎందుకంటే లెక్కలోకి రావాలంటే ముందు పేరుండాలి. గడీల కాలంలో ఇక్కడ చాలామందికి పేర్లే సగం ఉండేవి. ఇంట్లో ఎల్లయ్య, దొర ముందు ఎల్లిగాడు. ఇంట్లో మల్లమ్మ, దొర నోట మల్లి. వయసు అరవై అయినా అంతే. నల్లగొండ సాయుధ పోరాటం గురించి భూములు, తుపాకులు, దళాలు అని రాస్తారు. ఎల్లిగాడు ఎల్లయ్య అయిన సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 1952 మొదటి ఎన్నికల్లో ఇదే నల్లగొండ ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ ఓట్లు వేసి పంపింది. ఓటర్ల జాబితాలో పూర్తి పేరు చూసుకున్న జనం వేసిన ఓట్లవి.

పాలమూరుది ఇంకో కథ. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా కాంట్రాక్టర్లు ‘పాలమూరు లేబర్’ కావాలన్నారు. రెప్యుటేషన్ అంటే అది కాదా? తరాల తరబడి తట్టలు మోసి, ఎండలో గుడిసెలేసుకుని సంపాదించిన పేరు. గుంపు మేస్త్రి అడ్వాన్సు చేతిలో పెడితే మొగుడూపెళ్లాం పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి బండెక్కేవాళ్లు. కష్టానికి ఓర్చుకుంటారని పేరు. ఆ పేరును అమ్ముకున్నది మేస్త్రి, కొనుక్కున్నది కాంట్రాక్టరు. మోసినవాడికి దక్కింది కూలి, అదీ అడ్వాన్సులో కోత పోగా.

పక్కనే గద్వాల చీర ఉంది. నూలు ఒళ్లు, పట్టు అంచు. నారాయణపేట చీర ఉంది, పోచంపల్లి ఇక్కత్ ఉంది, పుట్టపాక తేలియా రుమాల్ ఉంది. వీటన్నిటికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1999లో చేసి 2003 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టంలో నిర్వచనం చదివితే మన మాట అక్కడ కూర్చుని ఉంటుంది. ఒక వస్తువు నాణ్యత గానీ, ‘రెప్యుటేషన్’ గానీ, మరో లక్షణం గానీ ప్రధానంగా ఆ ప్రాంతం వల్ల వచ్చినదై ఉండాలని. ఊరి పేరెన్నికకు చట్టం కాపలా. మంచిదే, మరమగ్గాల మీద అచ్చేసిన ‘పోచంపల్లి’ వంద రూపాయలకు గజం దొరుకుతుంటే ఆ కాపలా ఎంత గట్టిదో మనకు తెలిసినా సరే. చీరకు అలా ఒక గుర్తింపు ఉంది. ఆనకట్టలు కట్టిన చేతులకు మాత్రం ఏ రిజిస్టరూ లేదు. పాలమూరు అన్న పేరు ఏ డ్యాము శిలాఫలకం మీద ఉందో చూపించండి. ప్రారంభించినవాళ్ల పేర్లుంటాయి, ఇంజినీర్ల పేర్లుంటాయి.

లెక్కలోకి రానివాళ్లు ఏం చేయాలో నల్లగొండ ఒక్కసారి చేసి చూపించింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములు, దొడ్డికాళ్లు. ఫ్లోరైడ్ ఊరంటే సంబంధం కలుపుకోవడానికి వెనకాడిన కాలం. జిల్లాకు ‘ఫ్లోరైడ్ నల్లగొండ’ అని పేరొచ్చింది, నీళ్లు రాలేదు. అర్జీలు, ధర్నాలు అన్నీ అయ్యాక 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పూనుకుని జనం చేత నామినేషన్లు వేయించింది. చివరికి నల్లగొండ బరిలో నిలిచింది 480 మంది. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. దేశమంతా ఈ జిల్లా వైపు తిరిగి, ఎందుకని అడిగింది.

గెలవడానికి కాదు వాళ్లు నిలబడింది. దాదాపు అందరి డిపాజిట్లూ గల్లంతయ్యాయి. మన భాషలో డిపాజిట్ పోవడం అంటే పరువు పోవడమే, పేపర్లలో ఇప్పటికీ అలాగే రాస్తాం. ఇక్కడ వందల మంది ఒకేసారి డిపాజిట్ పోగొట్టుకున్నారు, ఒక్కరి పరువూ పోలేదు. పోకపోగా, అప్పటిదాకా ఏ ఖాతాలోనూ లేని పేర్లు బ్యాలెట్‌కెక్కి, ఓట్లు లెక్కపెట్టేవాళ్లు ఒక్కొక్కటీ చదవాల్సి వచ్చింది. పేరు, పక్కన అంకె. పేరు, పక్కన అంకె. పేరెన్నిక అన్న మాటకు నేను చూసిన అచ్చమైన అర్థం అది. ఎన్నికకూ ఎన్నడానికీ మధ్య తెగిన తీగను ఆ 480 మంది అతికించారు. నిఘంటువులు రాసేవాళ్లు ఉదాహరణ కింద వేసుకోవచ్చు.

ప్రభుత్వం దీన్ని ఇరవై ఎకరాల ఆసామిలాగే తీసుకుంది. నల్లగొండకు నీళ్లెందుకు పోలేదన్నది పక్కనపెట్టి, ఇంతమంది పోటీలోకి ఎలా వచ్చారని చూసింది. అదే ఏడాది చట్టం సవరించారు. లోక్‌సభకు పోటీ చేయాలంటే కట్టాల్సిన డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది.